మోకాటి లోతు

ఐదు కిలోమీటర్లే, సులువే అన్నాడు సుంకన్న.
డాక్టరు నడవమన్నాడు,
నడిచేదేదో మా చెరువు చుట్టే నడుద్దామని
ఉగాది ముందు ఆదివారం
పొద్దున్నే అందరినీ నార్పల బస్సెక్కించినాడు.

సులువు అనే మాట
ఎవరి కాళ్లను చూసి చెప్తారో.
నందుగానికి మూడేండ్లు.
వర్షిణికి పన్నెండు, కొత్త బూట్లు,
కట్ట ఎక్కకముందే మడమ మీద బొబ్బ.
నాకు, మిషను తొక్కి తొక్కి
కూర్చోని నడవడం ఒక్కటే వచ్చిన కాళ్లు.
మా అత్త నారెక్కకు డెబ్బై దాటి ఎన్నో
ఆమెకే తెలీదు.
"ఊరికే నడిచేదేందిరా, పని లేకుండా?"
బస్సులో రెండుసార్లు అడిగింది.
జవాబు వచ్చేలోపల నిద్రపోయింది.

కట్ట మీద గాలి.
ఒక పక్క మళ్లు, ఒక పక్క నీళ్లు.
నీళ్లంటే, నేల మీద ఎవరో పల్చగా అలికిన ఆకాశం.
నట్టనడుమ నిలబడిన ఎనుముకు
పొట్టన్నా తడవలేదు.

తూము దాటినాం. మరవ దాటినాం.
అక్కడ కట్ట అయిపోయి బీడు మొదలు.
నడుమెత్తు బోదగడ్డి, ఎండి రాగిరంగు తిరిగింది,
గాలొస్తే గొర్రెల మంద లేచినట్టు
అంతా ఒక్కసారే లేచి
మళ్లా పడుకుంటాంది.
నా కుచ్చిళ్ల నిండా ఉత్తరేణి గింజలు.
తీతువొకటి మా నెత్తి మీదే తిరిగి తిరిగి తిట్టింది.
"గుడ్లుంటాయి, కాలు చూసి పెట్టండి" అంది అత్త.
వర్షిణి వంగి చూసింది:
గులకరాళ్ల నడుమ నాలుగు గులకరాళ్లు,
మచ్చలున్నవి, వెచ్చనివి కాబోలు.
ఊపిరి బిగబట్టి
ఐదుగురం దొంగల మాదిరి పక్కకు తప్పుకున్నాం.

తుమ్మచెట్టు కింద, ఉన్నంత నీడలో
ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు, ఉడకేసిన బుడ్డలు.
తిన్నాక నందుగాడు రెండు చేతులూ పైకెత్తినాడు,
ఇంక దించలేదు.
వర్షిణి బూట్లు చేతికొచ్చినాయి.
చెరువు అక్కడ వేలు మాదిరి
బీడులోకి పొడుచుకొచ్చింది.
చుట్టి రావాలంటే గంట అంటాడు సుంకన్న
ఫోనులో నీలిగీత చూసుకుంటా.

అప్పుడు లేచింది మా అత్త.
"ఆ ఒడ్డు కనపడ్తానే ఉంది గదప్పా."
కుచ్చిళ్లు ఎత్తి నడుములో దోపింది,
చెప్పులు కొంగున మూటగట్టింది,
దిగింది నీళ్లలోకి,
వంటింట్లోకి పోయినట్టు.

"అమ్మా!"
ఆమె తిరిగి చూడలే.
చీలమండ. పిక్క. మోకాలు.
అక్కడికి నీళ్లు ఆగినాయి, ఆమె ఆగలే.
మాటలు మాత్రం నీళ్ల మీంచి వస్తాండాయి,
మాకు కాదు, కాళ్ల కింద నేలకు చెప్తున్నట్టు:

"ఈడ దోసపాదులు.
వాన లేని మూడేండ్లు చెరువంతా చేనే.
నీళ్లే లేకపోతే నీరుగంటోనికి ఏం పని?
మీ నాయన పొద్దున తూముకాడ ఊరికే కూర్చొని వచ్చి
సాయంత్రం దోసకాయలు కోసేటోడు.
ఈడ గుండు ఉండాల...
ఆ, ఉంది.
ఈడ బంకమన్ను, కాలు పట్టుకుంటాది.
ఇడువు, ఇడువు, మళ్లొస్తాలే."

వర్షిణి బూట్లు నా చేతిలో పెట్టేసింది.
నేను వద్దనేలోపల
అవ్వ వెనకాల.
నీళ్లలో అడుగులు మిగలవు కదా,
అవ్వ కాళ్లు రేపిన బురద మబ్బును
పట్టుకొని పోయింది, అది తేరుకునేలోపల.

మేం ముగ్గురం గడ్డిలోబడి చుట్టినాం.
సుంకన్న మెడ మీద నందుగాడు,
నా రెండు చేతులకూ రెండు బూట్లు.
ఆయన చాలాసేపు మాట్లాడలే.
తర్వాత అడిగినాడు, నన్నో తననో,
"ఆ గుండు సంగతి నాకెప్పుడూ చెప్పలేదేం?"

మేం చేరేసరికి ఇద్దరూ రాతి మీద కూర్చొని
కాళ్లు ఆరబెట్టుకుంటాండారు.
ఒకటే నీళ్లు, ఒకటే గీత:
అవ్వకు మోకాటికాడ,
మనవరాలికి జానెడు పైన.
బొబ్బ మీద బూడిదరంగు ఒండ్రు
పట్టీ వేసినట్టు ఎండిపోయింది.
కడుగుదామంటే
ఉండనీమ్మా అంది.

సుంకన్న ఫోను ఏదో మోగి మెచ్చుకుంది.
ఎవరూ చూడలే.

తిరుగు బస్సులో అత్త మళ్లీ నిద్ర,
నోరు కొంచెం తెరుచుకొని.
చెప్పులు ఇంకా కొంగులోనే ఉండాయి.